నిస్సాన్ ఇండియాకి ఎప్పుడొచ్చింది? జోంగా నుంచి జహీరాబాద్ దాకా ఒక బండి జాడ

ఇండియాలో నిస్సాన్ ఫస్ట్ బండి ఏది? ఈ ప్రశ్న ఆఫీసులో లంచ్ టైమ్‌లో వేసి చూడండి. సగం మంది మాగ్నైట్ అంటారు. కార్ల గురించి కాస్త తెలిసినవాళ్ళు 2010లో వచ్చిన మైక్రా అంటారు. ఇంకాస్త పాతవాళ్ళు విదేశాల నుంచి తెప్పించి అమ్మిన ఎక్స్‌ట్రెయిల్ అంటారు.

మూడూ తప్పే. నిస్సాన్ డిజైన్ చేసిన ఒక ఆఫ్‌రోడర్ 1969 నుంచే ఇండియాలో తయారైంది. దాని మీద పేరు మాత్రం వేరే. 1980ల్లో నిస్సాన్ బండి ఇంకొకటి కూడా ఇక్కడే తయారైంది. అది ఢిల్లీలోనో చెన్నైలోనో కాదు, మా జహీరాబాద్‌లో.

నేను పుట్టి పెరిగింది ఆ వైపే. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటున్నా. ఒక ఫంక్షన్ ఎవరు రాశారో, ఎక్కడి నుంచి కాపీ అయిందో వెనక్కి తవ్వుకుంటూ పోవడం నాకు రోజూ ఉండే పని. అదే అలవాటుతో ఈసారి ఒక బండిని తవ్వాను.

ముందు జోంగా సంగతి

చూడగానే జీప్ అనుకుంటారు. కాదు. జీప్ కంటే పొడవు, వెడల్పు, బరువు అన్నీ ఎక్కువ. మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో మన సైన్యం కోసం తయారు చేసేవాళ్ళు. జోంగా అనేది జపాన్ పేరు కాదు. జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అనే మాటల్లోంచి ఇంగ్లిష్ అక్షరాలు ఏరి పేర్చిన పేరు.

అసలు డిజైన్ నిస్సాన్ ప్యాట్రోల్ 60 సిరీస్‌ది. పెట్రోల్ కాదు, ప్యాట్రోల్. అయితే పెట్రోల్ మాత్రం బాగానే తాగేది.

- ఇంజిన్: 3,956 సీసీ, 6 సిలిండర్లు, పెట్రోల్
- డ్రైవ్: కావాలనుకున్నప్పుడు వేసుకునే 4 వీల్ డ్రైవ్, లో రేంజ్‌తో
- సస్పెన్షన్: ముందూ వెనకా కమాను పట్టీలే
- తయారీ: 1969 నుంచి 1999 దాకా

జపాన్‌లో ఈ 60 సిరీస్ ప్యాట్రోల్ 1980లోనే ఆగిపోయింది. కొత్త మోడల్ వచ్చేసింది. జబల్‌పూర్‌లో మాత్రం పాత డిజైనే ఇంకో 19 ఏళ్ళు నడిచింది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది ఫోర్క్. అసలు ప్రాజెక్ట్‌ని దాని యజమాని ఆపేశాడు, మనవాళ్ళు పాత బ్రాంచ్‌నే పట్టుకుని మెయింటైన్ చేశారు. 1990ల్లో మామూలు జనానికి కూడా అమ్మాలని డీజిల్ ఇంజిన్ పెట్టి ఒక వెర్షన్ తెచ్చారు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఈలోగా సైన్యంలో దాని చోటుని మారుతి జిప్సీ, మహీంద్రా ఎంఎం 540 లాంటివి తీసుకున్నాయి.

ఇప్పుడు రోడ్ల మీద కనిపించే జోంగాల్లో ఎక్కువ భాగం సైన్యం వేలంలో అమ్మేసినవే. 2019లో ధోనీ రాంచీలో జోంగా నడుపుతూ కనిపించాకే మన వయసు వాళ్ళలో చాలామందికి ఈ పేరు తెలిసింది.

జోంగా సైన్యం బండి కాబట్టి అప్పట్లో నిస్సాన్ పేరు జనంలోకి రాలేదు. వచ్చింది రెండోసారి, జహీరాబాద్‌తో.

ఫ్రిజ్‌ల కంపెనీ ట్రక్కు చేస్తే

షావోమీ 2024లో ఎస్‌యూ7 కారు దింపినప్పుడు "ఫోన్లు, ఫ్యాన్లు అమ్మేవాళ్ళు కారు చేయడమేంటి?" అని అందరం ఆశ్చర్యపోయాం. ఆ పని హైదరాబాద్‌లో 40 ఏళ్ళ కిందే జరిగింది. కంపెనీ పేరు హైదరాబాద్ ఆల్విన్.

మియాపూర్ దగ్గర ఆల్విన్ ఎక్స్ రోడ్స్, కూకట్‌పల్లి పక్కన ఆల్విన్ కాలనీ. జహీరాబాద్ బస్సు ఎక్కిన ప్రతిసారీ ఈ పేరు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఆల్విన్ అంటే ఎవరో ఇంగ్లిష్ దొర అని నేను చాలా ఏళ్ళు అనుకున్నా. అది అల్లావుద్దీన్ పేరులోంచి పుట్టింది. 1942లో నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లావుద్దీన్ అండ్ కంపెనీ కలిసి పెట్టిన ఆల్విన్ మెటల్ వర్క్స్ ఇది. తర్వాత రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థగా మారింది.

సనత్‌నగర్‌లో వీళ్ళు చేయని వస్తువు లేదు. బస్సుల బాడీలు, అందులో హైదరాబాద్ ఫేమస్ డబుల్ డెక్కర్లు కూడా. స్టీల్ ఫర్నిచర్. ఫ్రిజ్‌లు. జపాన్ సీకో కంపెనీ టెక్నాలజీతో చేతి గడియారాలు. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే ఆల్విన్ ఫ్రిజ్ గురించో, ఆల్విన్ వాచీ గురించో ఏదో ఒకటి చెప్తారు.

బస్సు బాడీ కట్టడం వచ్చినవాళ్ళకి పూర్తి బండి కట్టాలన్న ఆశ పుట్టడం సహజం. కానీ బాడీ వేరు, బండి వేరు. ఇంజిన్, గేర్‌బాక్స్, ఛాసిస్ వీళ్ళ దగ్గర లేవు. అందుకే నిస్సాన్‌తో చేతులు కలిపారు. అలా 1980ల్లో ఆల్విన్ నిస్సాన్ పుట్టింది. ఫ్యాక్టరీ అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో, బొంబాయి హైవే పక్కన.

ఇక్కడ తయారైంది క్యాబ్‌స్టార్ అనే చిన్న ట్రక్కు. డ్రైవర్ ఇంజిన్ మీదే కూర్చున్నట్టుండే, ముక్కు లేని బండి. ఇదే ట్రక్కుని నిస్సాన్ జపాన్‌లో అట్లాస్ అని అమ్మేది, బయటి దేశాల్లో క్యాబ్‌స్టార్ అని. ఒకే ఫోన్ ఒక దేశంలో రెడ్‌మీ, ఇంకో దేశంలో పోకో అయినట్టు. రీబ్యాడ్జింగ్ ఫోన్లతో మొదలవలేదు.

ఒకేసారి నలుగురు

ఆల్విన్ ఒక్కటే కాదు. 1980ల మొదట్లో కేంద్రం చిన్న ట్రక్కుల రంగంలోకి జపాన్ టెక్నాలజీని అనుమతించింది. నాలుగు జోడీలు బరిలోకి దిగాయి.

- ఆల్విన్ నిస్సాన్: జహీరాబాద్
- డీసీఎం టొయోటా: ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్
- స్వరాజ్ మాజ్డా: పంజాబ్‌లో రోపడ్ దగ్గర
- ఐషర్ మిత్సుబిషి: మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్

నలుగురిదీ ఒకటే పద్ధతి. మొదట జపాన్ నుంచి విడిభాగాల కిట్లు డబ్బాల్లో వస్తాయి, ఇక్కడ బిగించి అమ్ముతారు. అయితే ఒక షరతు ఉంది. ఏటేటా ఇక్కడ తయారైన భాగాల వాటా పెంచుకుంటూ పోవాలి. దీన్నే దశలవారీ తయారీ కార్యక్రమం అంటారు.

ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? 2017లో కేంద్రం మొబైల్ ఫోన్లకి పెట్టింది కూడా ఇదే పేరుతోనే. ముందు ఛార్జర్, బ్యాటరీ, హెడ్‌సెట్, తర్వాత సర్క్యూట్ బోర్డు, కెమెరా మాడ్యూల్, ఆపైన డిస్‌ప్లే అని వరస పెట్టారు. ఫోన్ బాక్స్ మీద ఇప్పుడు మనం చదువుతున్న "మేడ్ ఇన్ ఇండియా" వెనక ఉన్నది ఈ లెక్కే.

కిట్ బిజినెస్‌లో ప్రమాదం ఎక్కడుంటుందో 1985లో తెలిసింది.

యెన్ కొట్టిన దెబ్బ

1985 సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. డాలర్ విలువ తగ్గించాలన్నది దాని సారాంశం. ఇక్కడెవరూ ఆ వార్తని పట్టించుకుని ఉండరు. కానీ దెబ్బ మాత్రం జహీరాబాద్‌కీ తగిలింది.

లెక్క చూద్దాం. ఒప్పందానికి ముందు ఒక డాలర్‌కి సుమారు 240 యెన్లు, ఒక డాలర్‌కి సుమారు 12 రూపాయలు. అంటే 100 యెన్లకి 5 రూపాయలు. 1988కి వచ్చేసరికి డాలర్‌కి సుమారు 128 యెన్లు, సుమారు 14 రూపాయలు. అంటే 100 యెన్లకి దాదాపు 11 రూపాయలు.

జపాన్‌లో ఒక్క యెన్ కూడా రేటు పెంచకపోయినా ఇక్కడ కిట్ ఖరీదు రెండింతలు దాటింది. ఉదాహరణకి 10 లక్షల యెన్ల విడిభాగాలు 50 వేల రూపాయలకి వచ్చేవనుకుంటే, మూడేళ్ళలో అవే భాగాలు లక్షా 10 వేలు. ట్రక్కు కొనే ట్రాన్స్‌పోర్ట్ ఓనర్‌కి యెన్ తెలీదు, ప్లాజా తెలీదు. తెలిసింది ఈఎంఐ, టన్నుకి వచ్చే కిరాయి. ఆ రేటుకి బండి అమ్మడం ఎలా?

తప్పించుకునే దారి ఒకటే. భాగాలు ఇక్కడే చేయించడం. కానీ దానికి టైమ్ కావాలి, సప్లయర్లు కావాలి, అచ్చులు పోయడానికి డబ్బు కావాలి. అమ్మకాలు పెరిగితే తప్ప డబ్బు రాదు, రేటు తగ్గితే తప్ప అమ్మకాలు పెరగవు.

పక్క లేన్లోంచి 407

సరిగ్గా అదే టైమ్‌లో, 1986లో, టెల్కో 407 దింపింది. టెల్కో అంటే ఇప్పటి టాటా మోటార్స్. జపాన్ బళ్ళతో పోలిస్తే 407లో సుఖం తక్కువ, మోత ఎక్కువ. స్పెక్ షీట్ పక్కపక్కన పెట్టి చూస్తే జపాన్ బండికే ఎక్కువ మార్కులు పడతాయి. అయినా మార్కెట్ 407కే దక్కింది.

ఎందుకంటే దాని ఖరీదు యెన్ మీద ఆధారపడలేదు. డిజైన్ టెల్కోదే, భాగాలు చేసేవాళ్ళు చుట్టుపక్కలే. ఓవర్‌లోడ్ వేసినా ఓర్చుకునేది. చెడిపోతే హైవే పక్కన చెట్టు కింద మెకానిక్ కూడా బాగు చేసేవాడు.

ఇక్కడ ఒకటి గమనించాలి. టెల్కో కూడా ఒకప్పుడు కిట్ కంపెనీయే. 1954లో మెర్సిడెస్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని ట్రక్కులు మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ఆ 15 ఏళ్ళు, దాని తర్వాత ఇంకో 17 ఏళ్ళు సొంతంగా నేర్చుకున్నాక వచ్చింది 407. ఆల్విన్ నిస్సాన్‌కి అంత టైమ్ దొరకలేదు. రెండు మూడేళ్ళకే యెన్ మీద పడింది. నా దృష్టిలో ఈ కథలో అసలు పాయింట్ ఇదే. కిట్ బిగించడం తప్పు కాదు, అందరూ అక్కడే మొదలవుతారు. అక్కడి నుంచి కదిలే లోపు రేటు తిరగబడితే ఏమవుతుందన్నదే ప్రశ్న.

1989: జీప్ కంపెనీ ఎంట్రీ

1989లో ఆల్విన్ నిస్సాన్‌ని మహీంద్రా తీసుకుంది. కొన్నాళ్ళు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అనే పేరుతో నడిచింది, ఆ తర్వాత మహీంద్రాలోనే కలిసిపోయింది. నిస్సాన్ పేరూ పోయింది, ఆల్విన్ పేరూ పోయింది. ఫ్యాక్టరీ మాత్రం అక్కడే ఉంది. మా వైపు పాతవాళ్ళ నోట్లో ఆల్విన్ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది.

మహీంద్రా పుట్టుక కూడా కిట్లతోనే. 1940ల చివర్లో విల్లిస్ జీప్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడం దగ్గర మొదలైన ప్రయాణం థార్ దాకా వచ్చింది.

మిగతా ముగ్గురు ఏమయ్యారు? డీసీఎం టొయోటా 1990ల్లో కొరియా దేవూ చేతికి వెళ్ళింది. అదే ఫ్యాక్టరీలోంచి సియెలో, మాటిజ్ వచ్చాయి, ఆపైన మూతపడింది. ఐషర్ నిలదొక్కుకుని 2008లో వోల్వోతో జతకట్టింది. స్వరాజ్ మాజ్డా ఎస్ఎంఎల్ ఇసుజుగా మారింది, 2025లో దాన్ని కూడా మహీంద్రాయే కొనేసింది. అంటే ఆ నాలుగు జోడీల్లో మొదటిది 1989లో, ఇంకొకటి 36 ఏళ్ళ తర్వాత, రెండూ చేరింది ఒకే ఇంటికి.

ఇక ఆల్విన్ మిగతా సామ్రాజ్యం 1990ల్లో ముక్కలైపోయింది. ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌కి పోయింది, వాచీలు ఆగిపోయాయి.

జిల్లాలోనే ఇంకో ఆఫ్‌రోడర్

ఆఫ్‌రోడ్ అంటే మనకి బురద, రాళ్ళు. నీళ్ళలో ఈదుకుంటూ పోయే బండి కావాలంటే జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వైపు వచ్చి ఎద్దుమైలారం చూడాలి. అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ మెదక్‌లో తయారయ్యేది సారథ్. చక్రాలకి బదులు ట్రాక్‌లు, లోపల సైనికులు, నీళ్ళలోకి దిగితే తేలుతుంది. ఇది కూడా లైసెన్స్ బండే, సోవియట్ బీఎంపీ 2కి మన వెర్షన్.

నాకు నచ్చిన లింక్ ఒకటుంది. 2021 అక్టోబర్‌లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలని ఏడు కంపెనీలుగా విడగొట్టారు. అందులో ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందకి ఎద్దుమైలారం ఫ్యాక్టరీ వచ్చింది. జోంగాని తయారు చేసిన జబల్‌పూర్ ఫ్యాక్టరీ కూడా దాని కిందకే వచ్చింది. జోంగాకీ మా జిల్లాకీ చుట్టరికం ఇప్పుడు కాగితాల మీద కూడా ఉందన్నమాట.

మళ్ళీ జపాన్, ఈసారి వేరేలా

2023 ఆగస్ట్ 15న కేప్‌టౌన్‌లో మహీంద్రా పెద్ద ఈవెంట్ పెట్టింది. ఎలక్ట్రిక్ థార్ కాన్సెప్ట్ చూపించింది, స్కార్పియో పికప్ చూపించింది. మన యూట్యూబ్ ఛానెళ్ళన్నీ ఆ రెండిటి చుట్టూనే తిరిగాయి. అదే స్టేజ్ మీద ఓజా అనే ట్రాక్టర్లు కూడా దింపారు. వాటి గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ.

ఓజా సిరీస్‌లో ఇండియాకి ప్రకటించినవి 7 మోడళ్ళు, 20 నుంచి 40 హార్స్‌పవర్ మధ్య. అన్నిటికీ 4 వీల్ డ్రైవ్ స్టాండర్డ్‌గానే వస్తుంది. తయారీ ఎక్కడంటే జహీరాబాద్. డిజైన్‌ని చెన్నైలోని మహీంద్రా రిసెర్చ్ వ్యాలీ, జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా అగ్రికల్చరల్ మెషినరీ కలిసి చేశాయి.

జపాన్ ఇంజనీరింగ్, జహీరాబాద్ ఫ్యాక్టరీ. కాంబినేషన్ పాతదే. కానీ 1980ల్లో డ్రాయింగ్ నిస్సాన్‌ది, బిగింపు మనది. 2023లో డ్రాయింగ్‌లో చెన్నై వాటా కూడా ఉంది, బండి మీద పేరు మనది, ఇక్కడి నుంచే విదేశాలకి పంపే ప్లాన్ కూడా ఉంది. ఈ మార్పుకి దాదాపు 35 ఏళ్ళు పట్టింది.

పాత బండి పుట్టుక మీరే కనుక్కోవాలంటే

మీ ఊళ్ళో షెడ్డులోనో, తుక్కు దుకాణంలోనో పేరు తెలియని పాత బండి కనిపిస్తే ఇలా చూడండి.

1. బ్యాడ్జ్‌ని నమ్మొద్దు. గ్రిల్ మీద పేరు ఎవరైనా అంటించొచ్చు. ఛాసిస్ ప్లేట్ వెతకండి. ఇంజిన్ గదిలోనో, డోర్ పక్కనో రివెట్ కొట్టి ఉంటుంది.
2. కొత్త బళ్ళకైతే 17 అక్షరాల విన్ ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు కంపెనీవి. ఎంఏ1 అంటే మహీంద్రా, ఎంఏటీ అంటే టాటా, ఎంఏ3 అంటే మారుతి సుజుకి. 1980ల బళ్ళకి ఇది ఆశించకండి, అప్పట్లో ఎవరి నంబరింగ్ వాళ్ళదే.
3. ఇంజిన్ బ్లాక్ మీద పోతలోనే వచ్చిన గుర్తులు చూడండి. జోంగాల్లో చాలావాటికి అసలు పెట్రోల్ ఇంజిన్ తీసేసి ఏదో ఒక డీజిల్ పెట్టి ఉంటారు. ఛాసిస్ ఒకటి చెప్తే ఇంజిన్ ఇంకొకటి చెప్తుంది.
4. అద్దాల మూలల్లో తయారీదారు పేరు, కోడ్ ఉంటాయి. అన్ని అద్దాల మీదా ఒకటే గుర్తు ఉంటే అవి ఒరిజినల్ అయ్యే అవకాశం ఎక్కువ.
5. ఆర్సీలో తయారీదారు పేరు దగ్గర ఏముందో చదవండి. కొనే ఆలోచన ఉంటే ఆర్సీ, ఇంజిన్ నంబర్ కలవకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ప్రైవేట్ బండికి 15 ఏళ్ళు దాటాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించాలి, అది అయ్యే పనో కాదో ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

గ్యాడ్జెట్ సైట్‌లో ఈ గోల ఎందుకంటే

హైదరాబాద్ శివార్లలో కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ ఇప్పుడు ఎయిర్‌పాడ్స్ బిగిస్తోంది. 2024 ఆగస్ట్‌లో కేంద్రం ఓకే చేసిన 12 పారిశ్రామిక స్మార్ట్ సిటీల్లో జహీరాబాద్ కూడా ఉంది. అంటే మా ఊరి పక్క పొలాల్లోకి మళ్ళీ ఫ్యాక్టరీలు రాబోతున్నాయి, మాలాంటి బీటెక్ వాళ్ళకి మళ్ళీ ఆశలు పుడుతున్నాయి.

ఆ ఫ్యాక్టరీల శంకుస్థాపన రోజు అందరూ అడిగేది ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని వేల కోట్లు అని. అడగాల్సిందే. భూమి ఇచ్చినవాళ్ళకి ముందు కావాల్సింది ఆ జవాబే. దానితో పాటు ఆల్విన్ నిస్సాన్ నేర్పిన రెండు ప్రశ్నలు కూడా అడగాలి. డ్రాయింగ్ ఎవరి దగ్గర ఉంది? విడిభాగాల బిల్లు ఏ దేశం కరెన్సీలో కడుతున్నారు? ఈ రెండిటికీ జవాబు బయటి దేశమే అయితే, ఆ ఫ్యాక్టరీ తలరాత ఎక్కడో ఒక హోటల్లో జరిగే మీటింగ్ చేతిలో ఉన్నట్టే.

మీ చేతిలో ఉన్న ఫోన్‌కి కూడా ఇవే రెండు ప్రశ్నలు వేసి చూడండి.